కుంచెకు అద్దె కట్టేదెవరు?

ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ దారి పడితే చింతలకుంట, వనస్థలిపురం, హయత్‌నగర్ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. పెద్ద అంబర్‌పేట్ దగ్గరికి వచ్చాక గానీ నగరం కాస్త సర్దుకుని కూర్చోదు. ఔటర్ రింగురోడ్డు నెత్తిమీదుగా పోయేది ఇక్కడే. పండగ ముందు రోజు సంచులు, పిల్లలతో జనం బస్సుల కోసం నిలబడేదీ ఇక్కడే. చుట్టూ గోదాములు, రేకుల షెడ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల బోర్డులు. ఒకప్పుడు కొత్తపేటలో ఉండిన పండ్ల మార్కెట్ కూడా పక్కనే ఉన్న బాటసింగారానికి తరలివచ్చింది. ఇంకాస్త ముందుకెళితే రామోజీ ఫిల్మ్‌సిటీ. అదే దిక్కున ఇంకొంత దూరం పోతే పోచంపల్లి మగ్గాలు.

ఇంత సరంజామా ఉన్న దారిలో చిత్రకారుడికి మాత్రం చోటు కరువు. నగరంలో బొమ్మలు చూపించే చోట్లన్నీ పడమటి దిక్కున పోగుపడ్డాయి. స్టేట్ ఆర్ట్ గ్యాలరీ మాదాపూర్‌లో, కావూరి హిల్స్ దగ్గర. ప్రైవేటు గ్యాలరీల్లో పేరున్నవి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో. బొమ్మలు నేర్పే కాలేజీ మాసబ్‌ట్యాంక్‌లో, సెంట్రల్ యూనివర్సిటీ కళల విభాగం గచ్చిబౌలిలో. చదువు ముగిశాక అద్దె తక్కువని ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు గది తీసుకునే కుర్రాళ్లు పనికీ, పరిచయాలకీ అటే పోవాలి. 2018లో ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చాక మనిషికి ప్రయాణం తేలికైంది. ఆరడుగుల కాన్వాస్‌కు కాలేదు. దానికి ట్రాలీ ఆటో మాట్లాడుకోవాల్సిందే.

గది అంటే ఏ గది? రెండు గదుల వాటాలో ఒకదాంట్లో వంట, ఇంకోదాంట్లో పడక. బొమ్మ వేసేది ఆ పడక మీదనో, డాబా మీదనో. టర్పెంటైన్ వాసనకు పక్క వాటావాళ్లు తలుపులేసుకుంటారు. మట్టి పిసికితే ఇంటాయన ఊరుకోడు. సుత్తి, ఉలి మాటే ఎత్తకూడదు. బొమ్మల సైజు చాలాసార్లు ఊహను బట్టి కాక గోడ సైజును బట్టి తేలిపోతుంది.

ఈ చిక్కుకు ప్రపంచమంతా వాడుతున్న మందు ఒకటుంది, ఆర్టిస్ట్ రెసిడెన్సీ. కొన్ని వారాలో, నెలలో ఉండటానికి చోటు, పనికి స్టూడియో, తిండి, చేతి ఖర్చుకు కొంత డబ్బు ఇచ్చి కళాకారుణ్ని వదిలేయడం. అసలు మందు ఆ వదిలేయడంలోనే ఉంది. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో మ్యాక్‌డవెల్ అనే చోట 1907 నుంచి ఇదే పని చేస్తున్నారు. అక్కడ మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి తలుపు బయట ఉంచి పోవడం ఆనవాయితీ. లోపలివాణ్ని పలకరించరు, పని ఎంతవరకు వచ్చిందని అడగరు.

ఇదంతా పరదేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. ఆ పేరు పెట్టలేదు గానీ, దేశంలో ఎన్నదగిన రెసిడెన్సీల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. పారిశ్రామికవేత్త, సోషలిస్టు బద్రీవిశాల్ పిత్తి 1949 నుంచి ఇక్కడ ‘కల్పన’ అనే హిందీ పత్రిక నడిపారు. దానికి కళా సంపాదకుడు శాంతినికేతన్‌లో చదివి ఇక్కడ స్థిరపడ్డ జగదీశ్ మిత్తల్. ఎం.ఎఫ్. హుసేన్ ఆ ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. టాటా బిర్లాల డ్రాయింగ్ రూముల కోసం ఎన్నాళ్లు వేస్తావు, ఈ దేశపు జనానికి తెలిసిన రామాయణం వెయ్యకూడదా అని అడిగింది సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా. 1967లో లోహియా పోయాడు. ఆ మాట మాత్రం హుసేన్‌ను వదల్లేదు. పిత్తి ఇంట్లో దిగి, ఏళ్ల తరబడి రామాయణం బొమ్మలు వేశాడు. దగ్గర దగ్గర నూట యాభై కాన్వాసులు. వాల్మీకాన్నీ తులసీదాసునూ చదువుకుంటూ, సందేహం వస్తే పండితుల్ని పిలిపించుకుని అడుగుతూ వేశానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. చేతిలో డబ్బులేని రోజులవి అని కూడా.

ఆ ఏర్పాటును కాస్త విప్పి చూడండి. అడిగినవాడు ఒకడు, చోటిచ్చినవాడు ఇంకొకడు, వేసినవాడు మరొకడు. ముగ్గురూ కలిస్తే గానీ ఆ పని కాలేదు. ఒప్పంద పత్రం లేదు. గడువు లేదు. ప్రారంభోత్సవానికి మంత్రి రాలేదు. పిత్తి లాంటి ఇల్లు ప్రతి తరానికీ దొరకదు గనక, అలాంటి ఇంటి పనిని సంస్థలు నెత్తికెత్తుకోవాలి.

సంస్థల కంటే ముందు మనుషులే ఆ పని చేశారు. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు అనే కుర్రాడి చెయ్యి చూసి, 1916లో బొంబాయి జేజే స్కూల్‌కు పంపించాడు. ఖర్చు తానే భరించాడు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయాడు. ఒక మాస్టారి జేబులోంచి పడిన డబ్బు అంత కొద్ది కాలంలోనే ఒక ప్రాంతానికి చిత్రకళను తెచ్చిపెట్టింది. అటు బందరు జాతీయ కళాశాల 1920లలో బెంగాల్ నుంచి చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీని పిలిపించుకుని విద్యార్థుల మధ్య కూర్చోబెట్టింది. పంపించడం ఒక దారి, రప్పించుకోవడం ఇంకో దారి. రెండూ మనకు తెలిసినవే.

స్వాతంత్ర్యం తర్వాత ఈ బాధ్యత అకాడమీల మీద పడింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ 1963లో బరోడా వెళ్లి మ్యూరల్, ప్రింట్ల తయారీ నేర్చుకున్నారు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం 1970ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్ మీద అక్కడికే వెళ్లారు. ఇద్దరికీ గురువు కె.జి. సుబ్రమణ్యన్. విచిత్రం చూడండి. ఆ ఇద్దరూ అంత దూరం పోయి నేర్చుకొచ్చింది పరాయి బొమ్మ కాదు. లక్ష్మాగౌడ్ తిరిగొచ్చి తన ఊరి మనుషుల్ని, మేకల్ని, చెట్లను గీశారు. వైకుంఠం ఎర్రబొట్టు, ముక్కుపుడక, పసుపు మెరుగుల తెలంగాణ ఆడవాళ్లను వేశారు. ఊరికి దూరంగా కొంతకాలం కూర్చుంటేనే ఊరు కళ్లకు కట్టిందేమో. వైకుంఠం ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారు.

ఆ అకాడమీ ఏమైంది? 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సాహిత్య, సంగీత, లలితకళల అకాడమీలను రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి వాటి పనిని అందులో కలిపింది. అకాడమీల్లో ముఠాలు, పైరవీలు ఉండేవన్న మాట నిజమే. అవి రాజకీయ పునరావాస కేంద్రాలయ్యాయన్న విమర్శా ఉట్టిది కాదు. అయితే యూనివర్సిటీ పని డిగ్రీలివ్వడం. ఒక పాతికేళ్ల కుర్రాణ్ని ఏ పరీక్షా పెట్టకుండా, ఫలానా ఆయన దగ్గర ఏడాది కూర్చుని రా అని పంపే పని దానికి చేతకాదు. వైకుంఠాన్ని బరోడా పంపిన కిటికీ అలా మూతపడింది. దాని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

గది, డబ్బు కాక రెసిడెన్సీ ఇచ్చేది మరొకటుంది, సొంతంగా కొనలేని పనిముట్టు. దీనికి మనవాడి కథే చెప్పుకోవాలి. చిత్తూరు దగ్గరి నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, మద్రాస్ కళాక్షేత్రంలో పాఠాలు చెప్పి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ ఎస్.డబ్ల్యు. హేటర్ నడిపే ‘అతెలియే 17’ పేరుకు స్టూడియో, నిజానికి ఉమ్మడి కార్ఖానా. ప్రెస్సు ఒకటే, యాసిడ్ తొట్లు అవే, బల్ల అదే. దేశదేశాల వాళ్లు పక్కపక్కన నిలబడి పలకలు చెక్కుకునేవారు. ఒకరు చేసిన పొరపాటు ఇంకొకరికి పాఠమయ్యేది.

ఆ గుంపు పనిలోంచే ‘విస్కాసిటీ’ ముద్రణ పుట్టింది. లోహపు పలకను హెచ్చుతగ్గుల లోతులతో చెక్కుతారు. ఒక సిరాలో అవిసె నూనె ఎక్కువ కలుపుతారు, ఇంకోదాంట్లో తక్కువ. గట్టి రోలర్ పలక మీది ఎత్తుల్నే తాకిపోతుంది. మెత్తటి రోలర్ కిందికి దిగి లోతుల్ని అందుకుంటుంది. పల్చటి సిరా పడ్డచోట చిక్కటి సిరా అంటుకోదు, పక్కకు తప్పుకుంటుంది. దాంతో ఒక్కో రంగుకు ఒక్కో పలక చెక్కే బాధ తప్పి, ఒకే పలక ఒక్కసారి ప్రెస్సులోంచి వెళ్లి అన్ని రంగులతో బయటికొస్తుంది. బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, కృష్ణారెడ్డి ఈ పద్ధతికి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యులు. 1965లో ఆ కార్ఖానాకు కృష్ణారెడ్డి సహ డైరెక్టరయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీకి మారి, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశారు. ఎంత తెలివైనవాడైనా ఒంటరిగా అద్దె గదిలో ఉంటే ఇది కనిపెట్టగలిగేవాడు కాదు. అంత బరువు ప్రెస్సు ఏ ఇంటి మూడో అంతస్తు ఎక్కుతుంది?

ఉమ్మడి పనిముట్లకు ఢిల్లీలో గఢీ స్టూడియోలున్నాయి, చెన్నైలో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్ ప్రింట్‌మేకర్లు పెద్ద పలక వేయాలంటే చెన్నై రైలెక్కడం పాత అలవాటు.

ఇప్పుడు పోచంపల్లి సంగతి. సుబ్రమణ్యన్ పేరు మళ్లీ ఇక్కడ తగులుతుంది. బరోడాలో మనవాళ్లకు పాఠాలు చెప్పకముందు, 1959 నుంచి 61 దాకా ఆయన బొంబాయిలో చేనేత బోర్డు డిజైన్ విభాగంలో డిప్యూటీ డైరెక్టర్. పుపుల్ జయకర్ చొరవతో 1950లలో వీవర్స్ సర్వీస్ సెంటర్లు వచ్చాయి. వాటిలో చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని నేతగాళ్ల పక్కన కూర్చోబెట్టారు. ప్రభాకర్ బర్వే కాశీలో పనిచేశాడు. తూర్పుగోదావరి నుంచి వెళ్లిన ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాస్ కేంద్రంలో. చిత్రకారుడికి నెల జీతం, మగ్గానికి కొత్త డిజైను, సర్కారుకు అమ్ముడుపోయే బట్ట. దేశంలో ఇంత పెద్ద ఎత్తున జరిగిన కళాకారుల భాగస్వామ్యం మరొకటి కనపడదు. దానికి ఎవరూ రెసిడెన్సీ అని బోర్డు కట్టలేదు.

చిత్రకారుడికి అందులో దక్కేది జీతం ఒక్కటే కాదు. పోచంపల్లి ఇళ్లలో పని చూడండి. అర్ధచంద్రాకారంగా మేకులు దిగ్గొట్టిన ఆసు ముందు కూర్చుని నూలును అటూ ఇటూ పోస్తూ ఉంటారు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి లేచి దిగాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది ఇందుకే. ఆ తర్వాత చిటికి కట్టడం. గ్రాఫు ప్రకారం నూలు మీద గుర్తులు పెట్టి, రంగు ఎక్కడ అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు చీల్చిన రబ్బరు పట్టీలు బిగిస్తారు. రంగులో ముంచి, ఆరేసి, కొన్ని ముళ్లు విప్పి, ఇంకొన్ని కట్టి, మళ్లీ ముంచుతారు. బొమ్మంతా మగ్గం ఎక్కకముందే నూలులో ఉంటుంది. కాగితం మీద నున్నగా గీసిన గుండ్రం ఇక్కడ మెట్లుమెట్లుగా తేలుతుంది, అంచుల్లో రంగు ఇంత పక్కకు జరుగుతుంది. గీతను అదుపులో పెట్టుకోవడమే చదువనుకున్న చిత్రకారుడికి, గీత అదుపు తప్పడంలోని అందం ఇక్కడ తెలుస్తుంది. అది ఒక పూట వచ్చి ఫొటోలు తీసుకుని పోతే వచ్చే జ్ఞానం కాదు. ఒక చీర ఆసు నుంచి మగ్గం దిగేదాకా ఉండాలి.

మరి డబ్బు? లేకపోలేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ ఏటా సీనియర్, జూనియర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది, ఒక్కోటి రెండు వందల మందికి. నలభై దాటినవాళ్లకు నెలకు 20,000 రూపాయలు, పాతిక నుంచి నలభై లోపువాళ్లకు 10,000, రెండేళ్లపాటు. పాతిక లోపు వాళ్లకు నెలకు 5,000 స్కాలర్‌షిప్ వేరే ఉంది. చెల్లింపు ఆరు నెలలకోసారి. జూనియర్ ఫెలోషిప్ మొత్తం కలిపితే 2,40,000 రూపాయలు. తక్కువేం కాదు. కానీ నెల లెక్కన చూస్తే ఆ పదివేలు వనస్థలిపురంలో ఇంటద్దెకే చెల్లిపోతాయి. స్టూడియోకు మిగిలేది సున్న. డబ్బు ఇచ్చేవాళ్ల దగ్గర చోటు లేదు. షెడ్డు ఖాళీగా ఉన్నవాడికి ఫెలోషిప్ అన్న మాటే తెలియదు. ఈ రెండిటినీ కలిపే మనిషి లేకపోవడమే మన లోటు. ప్రాజెక్టు నివేదికలకు నియమాలున్నాయి గానీ, ఆ ప్రాజెక్టు ఏ కప్పు కింద చేస్తావని అడిగే గడి దరఖాస్తులో ఉంటే బాగుండేది.

బయట ఈ కలపడమే ఒక వృత్తి అయింది. లండన్‌లో గ్యాస్‌వర్క్స్ అనే సంస్థకు స్టూడియోలున్నాయి. 1981లో ఏర్పడ్డ చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ వంటివాటికి నిధులున్నాయి. ట్రస్టు ఖర్చు పెట్టుకుంటుంది, స్టూడియో చోటిస్తుంది, ఇండియా నుంచి ఒక ఆర్టిస్టు వెళ్లి పనిచేసుకుని వస్తాడు. ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 2023లో ‘విలా స్వాగతం’ పేరుతో ఇంకో దారి పట్టింది. కొత్త భవనం కట్టకుండా, మన దేశంలో ఇప్పటికే ఉన్న రెసిడెన్సీలను ఒక గొలుసుగా కలిపి, తమ రచయితల్ని, కళాకారుల్ని వాటిల్లో ఉంచడం. తక్కువ ఖర్చుతో పని జరిగే పద్ధతి ఇది. మన నగరంలో కృష్ణకృతి ఫౌండేషన్ చిత్రకళా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లిస్తోంది, ఫ్రాన్స్‌లో పై చదువులకు ఆ దేశపు రాయబార కార్యాలయంతో కలిసి పంపిస్తోంది. అంటే చేతులు కలపడం హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆ చేతులు ఎల్బీనగర్ దాటి ఇటు రాలేదంతే.

ఢిల్లీలో ఇవాళ పెద్ద పేరున్న కళాకారుల సంస్థ ‘ఖోజ్’ 1997లో తొలి వర్క్‌షాప్ పెట్టింది ఢిల్లీ నడిబొడ్డున కాదు. మీరట్ దారిలో మిల్లుల ఊరు మోదీనగర్‌లో. హైవే పక్క ఊరు, విశాలమైన జాగా, నగరానికి గంటన్నర దూరం. మనకు పెద్ద అంబర్‌పేట్ అలాంటిదే, అంతకంటే దగ్గర కూడా. పైగా ఇక్కడ చేతిపని వాళ్లున్నారు. ఫిల్మ్‌సిటీ పుణ్యమా అని అచ్చులు పోసేవాళ్లు, ఫైబర్ పని, ప్లాస్టర్ పని తెలిసినవాళ్లు, వెల్డింగువాళ్లు, వడ్రంగులు ఈ దారి వెంబడి దొరుకుతారు. కళా దర్శకుడు సాబు సిరిల్ ‘బాహుబలి’ మాహిష్మతిని నిలబెట్టింది ఇక్కడికి కూతవేటు దూరంలోనే. బీఎఫ్ఏ పట్టా చేతికొచ్చిన పిల్లలు చాలామంది సెట్ పనిలో చేరి, పొద్దున్నుంచి రాత్రి దాకా థర్మకోల్ రాజభవనాలకు రాతి రంగు పూస్తారు. నైపుణ్యం పెరుగుతుంది. సొంత బొమ్మ వాయిదా పడుతుంది.

కొందరు అంటారు, రెసిడెన్సీలు మనకు లేవా, ఏటా ఎన్ని ఆర్ట్ క్యాంపులు జరగడం లేదు అని. క్యాంపు వేరు. రిసార్టులో నాలుగు రోజులు ఉంచి, మంచి భోజనం పెట్టి, కాన్వాసులూ రంగులూ అందించి, చివర్లో ఒకటో రెండో బొమ్మలు పెట్టి పొమ్మంటారు. శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. ‘అన్నా, ఈసారి క్యాంపు ఎక్కడ?’ అని ఒకరినొకరు అడుగుతుంటారు గానీ, క్యాంపులో ఏం వేశావని అడగరు. ఎందుకంటే అక్కడ ఎవరూ కొత్తది ప్రయత్నించరు. నాలుగు రోజుల్లో బొమ్మ అప్పజెప్పాలి గనక చెయ్యి తిరిగినదే వేస్తారు. పిలిచినవాడికి చౌకగా బొమ్మలు, వచ్చినవాడికి మార్పు. ఇద్దరికీ అభ్యంతరం లేనప్పుడు మనకెందుకు? కాకపోతే దాన్ని రెసిడెన్సీ అనొద్దు.

పెద్ద అంబర్‌పేట్‌లోనే ఇలాంటిది మొదలుపెట్టాలంటే భవంతి అక్కర్లేదు. ఎత్తు కప్పున్న ఒక షెడ్డు, పక్కన రెండు గదులు, నీళ్లు, బాత్రూమ్. ఫెలోషిప్ వచ్చిన చిత్రకారుడు తన డబ్బును తిండికీ రంగులకూ వాడుకుంటే, షెడ్డు అద్దెను ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల్లోంచి కట్టొచ్చు. కళలకు, చేతివృత్తులకు ఆ నిధులు వాడే వెసులుబాటు కంపెనీల చట్టంలోనే ఉంది. ప్రెస్సు, కొలిమి వంటి బరువైన సామాను కళాశాలల పూచీకత్తు మీద రావచ్చు. పోచంపల్లికి ఇక్కణ్నుంచి రోజూ పోయి రావచ్చు, లేదా నేత కుటుంబమే ఇక్కడికి వచ్చి ఉండొచ్చు.

వచ్చేది నేత కుటుంబమైతే ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. వీవర్స్ సర్వీస్ సెంటర్ల కాలం నుంచీ మోసుకొస్తున్న తప్పు ఇది. చిత్రకారుడికి ఫెలోషిప్, కేటలాగ్‌లో పేరు, ఎగ్జిబిషన్‌లో ఫొటో. నేతగాడికి కూలి, కింద చిన్నక్షరాల్లో ‘సహకారం’. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటుతోంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఆ ఊరిని చేర్చింది. ఊరికి పేరొచ్చినంతగా మనిషికి రాలేదు. అందుకని చిటికి కట్టే చేతికీ నెలకు చిత్రకారుడితో సమానంగా డబ్బివ్వాలి. డిజైను మీద ఇద్దరి పేర్లూ రాయాలి. మూడో నెలలో ఆ డిజైను ఏ పవర్‌లూమ్‌లోనో ప్రింటు బట్టగా తేలితే నష్టం ఎవరిదో కూడా రాయాలి.

ఇక ఒప్పందంలో రాయాల్సిన మిగతావి చిన్నవే. వచ్చినవాడు ఎన్నాళ్లు ఉంటాడు? కనీసం మూడు నెలలు లేకపోతే పెట్టొద్దు. వేసినదాంట్లోంచి బొమ్మ ఇచ్చి తీరాలా? వద్దు. ఇష్టమైతే ఇస్తాడు. నివేదిక ఎంత? ఒక పేజీ చాలు. ఫిల్మ్‌సిటీలో సెట్ పని చేసుకుంటూ సాయంత్రాలు వచ్చేవాళ్లకు తాళం చెవి ఇస్తారా? ఇవ్వాలి, ఈ దిక్కున ఎక్కువగా వచ్చేది వాళ్లే. కరెంటు బిల్లు ఎవరిది? కొలిమి పెడితే ఆ బిల్లు అద్దెను మించుతుంది. షెడ్డు యజమాని ఇంటి మీటరు మీద నడుపుదామంటాడు, డిస్కమ్ ఒప్పుకోదు. మీటరు ఎవరి పేరున తీసుకోవాలో అద్దె మాట్లాడేనాడే ఖాయం చేసుకోవాలి.